కుళాయి లేని బడిలో శుభ్రత పాఠం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రాథమిక పాఠశాల పిల్లలకు ప్రకృతి గురించి, ఆరోగ్యం గురించి, పరిసరాల గురించి ఎలా చెప్పాలో నాలుగు మాటలు మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. కర్నూలులో ప్రాథమిక తరగతులు చెబుతూ ఇరవై ఎనిమిదేళ్లయింది. బి.ఇడి.లో చదివింది కొంత, పిల్లల దగ్గర నేర్చుకున్నది చాలా. ఆ రెండింటిలోంచి మీకు పనికొచ్చేది చెబుతాను. మీరు దాతలు కాబట్టి, చివర్లో అడగాల్సింది కూడా అడుగుతాను.

ముందు ఒక్క మాటలో నా అభిప్రాయం చెప్పేస్తాను. పరిసరాల పాఠం పిల్లవాడికి చేతుల్లోంచి తలకెక్కుతుంది. "భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలి" అని పుస్తకంలో చదివించి, గంట కొట్టాక కుళాయిలో నీళ్లు రాని బడిలో అన్నం పెడితే, వాడు నేర్చుకునేది వేరే పాఠం. పుస్తకంలో ఉన్నది పరీక్షకేనని, బతుకు వేరని నేర్చుకుంటాడు. ఆరేళ్ల వయసులో ఒకసారి ఆ పాఠం వంటబట్టిందంటే తర్వాత మనం ఎంత చెప్పినా తిరగరాయలేం.

ఈ పాఠాలు బడిలోకి ఎలా వచ్చాయో కొంచెం చెప్పుకుందాం. పర్యావరణం గురించి బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో వచ్చిన తీర్పు అది. అదే కేసులో 2003లో కోర్టు మళ్లీ కల్పించుకుని, దేశమంతటికీ పనికొచ్చే పాఠ్యప్రణాళిక తయారుచేయమని ఎన్‌సీఈఆర్‌టీకి చెప్పింది. తర్వాత వచ్చిన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఒక మంచి పని చేసింది. ఒకటి, రెండు తరగతులకు దీనికోసం వేరే పుస్తకం వద్దంది. భాషలోనూ లెక్కల్లోనూ కలిపి చెప్పమంది. మూడు నుంచి అయిదు వరకు సైన్సు, సాంఘికం విడదీయకుండా ఒకే సబ్జెక్టుగా చెప్పమంది. మన పిల్లల సంచుల్లో 'పరిసరాల విజ్ఞానం' అని కనిపించేది అదే.

ఎందుకు కలిపారు? చిన్నపిల్లలకు ప్రపంచం సబ్జెక్టులుగా కనిపించదు. ఒక బిందె నీళ్లు తీసుకోండి. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి అంటే భూగోళం. మరిగిస్తే ఎందుకు మంచివి అంటే సైన్సు. బిందె ఎవరు మోస్తున్నారు, అమ్మీయా, అక్కా, ఎప్పుడైనా అబ్బా మోశారా అంటే అది సాంఘికం. రోజుకు ఎన్ని బిందెలు అంటే లెక్కలు. ఒక్క బిందెతో వారం రోజులు పాఠం చెప్పవచ్చు.

కానీ ఎక్కువ బడుల్లో జరుగుతున్నదేమిటి? ప్రశ్న, జవాబు. "నీటి వనరులు ఏవి?" అని అడగగానే "నదులు, చెరువులు, బావులు" అని క్లాసంతా ఒకే గొంతుతో అరుస్తుంది. "మీ వీధి కుళాయికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి రా?" అంటే ఒక్కడూ పలకడు. కొందరు "ట్యాంకులోంచి" అంటారు. ట్యాంకులోకి ఎక్కడినుంచి అంటే నవ్వుతారు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే ఊళ్లో పుట్టిన పిల్లలు వీళ్లు. సుంకేసుల దగ్గర ఆ నదికి ఆనకట్ట ఉందని, పడమటి కనుమల్లో వాన పడితే మన కుళాయిలో నీళ్లొస్తాయని వీళ్లకు తెలియాలి. 2009 అక్టోబరు 2న ఆ నదే ఊళ్లోకి వచ్చి ఇళ్లు ముంచేసింది. ఆ కథ మా పిల్లల నానీలు, దాదీలు కళ్లారా చూసినది. "ఇంటికెళ్లి దాదీని అడిగి, నీళ్లు మీ గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చాయో కొలిచి రండి" అంటే మర్నాడు పిల్లలు చేతులు పైకెత్తి చూపిస్తారు. అదే నది ఎండాకాలంలో ఎందుకు సన్నబడుతుందో అప్పుడు అడగండి. ప్రశ్న వాళ్లదవుతుంది.

ఇంటి మాట గురించి కూడా చెప్పాలి. మన పిల్లలు చాలామంది ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు చదువుతారు. వేపచెట్టు బొమ్మ చూపించి పేరు అడిగితే కొందరు నోరు మెదపరు. ఆవరణలో ఉన్న చెట్టు దగ్గరికి తీసుకెళ్తే "నీమ్!" అంటారు. తెలియక కాదు మెదపనిది, తెలిసిన మాట బడిలో చెల్లుతుందో లేదోనని భయం. నేను చెట్టుకు రెండు పేర్లూ రాసి కడతాను. వేప, నీమ్. చింత, ఇమ్లీ. దోమకు చీటీ కట్టలేం గాని, బోర్డు మీద దోమ పక్కన మచ్ఛర్ అని రాస్తాను. తన ఇంటి మాట గోడమీద కనిపించిన పిల్ల ఆ రోజు నుంచి చెయ్యెత్తుతుంది.

ఇక ఆరోగ్యం. క్రిములు కంటికి కనిపించవు. కనిపించనిదాన్ని ఆరేళ్ల పిల్ల ఎలా నమ్ముతుంది? నేను చేసేది చాలా చిన్న పని. ఇద్దరు పిల్లల అరచేతులకు కొంచెం నూనె, దాని మీద పసుపు రాస్తాను. ఒకరిని ఉత్త నీళ్లతో కడుక్కోమంటాను, ఇంకొకరిని సబ్బుతో. ఉత్త నీళ్లతో కడిగిన చేతులు పచ్చగానే ఉంటాయి. నూనె నీళ్లకు వదలదు కదా. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడుతుంది. పిల్లలు ఇంద్రజాలం చూసినట్టు గుమిగూడతారు. సబ్బులోని క్షారగుణం వల్ల అలా రంగు మారుతుంది. తొందరపడి కడిగిన చేతుల్లో పసుపు ఎక్కడ మిగిలిందో వాళ్లనే వెతకమంటాను. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, బొటనవేలి చుట్టూ దొరుకుతుంది. "పసుపు మిగిలిన చోట క్రిములూ మిగులుతాయి" అని అప్పుడు చెబితే ఒక్కసారి చాలు. ఇరవై సెకన్లు రుద్దాలని ఉపన్యాసం అక్కర్లేదు. పసుపు పోయేదాకా ఎంతసేపు పట్టిందో వాళ్లే లెక్కపెడతారు.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లల చదువు ఇక్కడే ఆగుతోంది. ఫిబ్రవరి 10న, మళ్లీ ఆగస్టులో బడుల్లో నులిపురుగుల మాత్రలు మింగించడం మీరు చూసే ఉంటారు. ఆల్బెండజోల్ మాత్ర, 400 మిల్లీగ్రాములది, నమిలి మింగాలి. 2015లో మొదలైన జాతీయ కార్యక్రమం అది. మంచిదే. అయితే ఆ మాత్ర ఆ రోజు కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, రేపు కొత్తవి రాకుండా ఆపలేదు. ఏలికపాముల గుడ్లు మట్టిలోంచి గోళ్లలోకి, గోళ్లలోంచి నోట్లోకి వస్తాయి. కొంకి పురుగు పిల్లలు చెప్పులు లేని పాదం చర్మంలోంచే లోపలికి దూరతాయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. మాత్రతో పాటు సబ్బు, చెప్పులు, వాడుకోగలిగే మరుగుదొడ్డి ఉంటేనే ఆ చక్రం తెగుతుంది.

రక్తం మాట వచ్చింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు. ఒకటో తరగతిలో చేరడానికి మా దగ్గరికి వచ్చేది ఆ పిల్లలే. బెంచీ మీద తల వాల్చే పిల్ల, రెండు లైన్లు రాసి పెన్సిలు కింద పెట్టే పిల్లవాడు, ఆటలకు రాకుండా గోడకు ఆనుకునే పిల్లవాడు, వీళ్లను చూసి మనం "మొద్దు", "బద్ధకం" అనేస్తాం. ఆ మాట అనే ముందు కంటి కింది రెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంటే ఆ పిల్లకు ట్యూషన్ కాదు, డాక్టరు కావాలి.

తల్లులు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక మాట. మన ఇళ్లలో పొద్దున పిల్లల నాస్తా చాలాసార్లు ఛాయ్, బ్రెడ్డు. లేకపోతే ఛాయ్, బిస్కెట్. టీలో ఉండే పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఇనుము తక్కువున్న పిల్లకు తిండితో పాటు టీ ఇవ్వడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే. టీ పూర్తిగా మాన్పించమని అనను. చిన్నపిల్లలకు వద్దు, పెద్ద పిల్లలకు భోజనానికి గంట అటో ఇటో ఇవ్వండి అంటాను. మునగాకు పప్పులో వేయండి, తోటకూర వండండి, పైన నిమ్మకాయ పిండండి. పులుపులో ఉండే విటమిన్ సి ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే గుడ్డు, చిక్కీ పిల్లలు తింటున్నారా, దాచి తెచ్చి తమ్ముడికి పెడుతున్నారా అని అడిగి తెలుసుకోండి. బడిలో ఇచ్చే గులాబీ రంగు ఇనుము మాత్ర చేదుగా ఉందని పారేయనివ్వకండి.

మూడో విషయం దోమ. మన ప్రాంతపు పిల్లలకు దోమ కథ చెప్పడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. అందుకే ఆ తేదీన ప్రపంచ దోమల దినం జరుపుతారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధన కోసం దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారట. రాస్ పేరు పుస్తకాల్లో ఉంది, హుసేన్ ఖాన్ పేరు చాలామందికి తెలియదు. నేను మా పిల్లలకు ఇద్దరి పేర్లూ చెబుతాను. సైన్సు అంటే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాడు ఒక్కడే కాదని, చెయ్యి చాపి కూర్చున్న పేదవాడు కూడా అందులో భాగమేనని వాళ్లకు తెలియాలి.

తర్వాత ఒక గాజు సీసాలో నీటి తొట్టిలోని తోకపురుగుల్ని నీళ్లతో సహా పోసి, మూతికి పలచటి గుడ్డ గట్టిగా కట్టి బల్ల మీద పెడతాను. పిల్లలు రోజూ చూసి బొమ్మ గీస్తారు. పురుగు తల కిందులుగా వేలాడుతూ తోక దగ్గరి గొట్టంతో గాలి పీల్చడం చూస్తారు. కొన్నాళ్లకు అది కామా గుర్తులా వంగుతుంది. ఆ తర్వాత ఒక పొద్దున గుడ్డ కింద దోమ! గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడిలో వారం, పది రోజులు చాలు. చివర్లో గుడ్డ విప్పకుండానే పైనుంచి సబ్బునీళ్లు పోసి వాటి పని ముగిస్తాం. ఇక వాళ్లకు "వారానికి ఒకసారి నీళ్లు పారబోయాలి" అని ఎవరూ చెప్పక్కర్లేదు. వారమే ఎందుకో వాళ్లు కళ్లతో చూశారు. మా పిల్లలు శుక్రవారం ఎంచుకున్నారు. జుమా రోజు ఇల్లు ఎలాగూ కడుగుతారు కదా అన్నారు. కూలర్ అడుగు, పాత టైరు, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, నీళ్ల డ్రమ్ము, ఈ అయిదూ చూసి కాగితం మీద టిక్కు పెట్టుకుని వస్తారు.

డెంగీ దోమ గుడ్లు డ్రమ్ము అంచుకు అతుక్కుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకని నీళ్లు పారబోస్తే చాలదు, పీచుతో అంచులు రుద్దాలి. ఆ దోమ పగలు కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకున్నామని ధీమాగా ఉండకూడదు, బడికి నిండు చేతుల చొక్కా వేయాలి. ఈ రెండు సంగతులూ ఎనిమిదేళ్ల పిల్ల ఇంటికి మోసుకెళ్లింది. "మా పిల్ల నాతో డ్రమ్ము రుద్దించింది టీచర్!" అని ఒక తల్లి నాకు కోపంగా చెప్పింది. ఆ కోపం చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

నీటి పొదుపూ అంతే. "నీటిని వృథా చేయరాదు" అని వంద సార్లు రాయించినా ఫలితం లేదు. కారుతున్న కుళాయి కింద సీసా పెట్టి గంటలో ఎంత నిండిందో కొలవమనండి. గంటకు 200 మిల్లీలీటర్లు అనుకుంటే రోజుకు 4 లీటర్ల 800 మిల్లీలీటర్లు, నెలకు 144 లీటర్లు. గుణకారం పాఠం, నీటి పాఠం రెండూ ఒకేసారి అయ్యాయి. వజూ చేసేటప్పుడు నీళ్లు వృథా కానివ్వకూడదని మన పిల్లలకు ఇంట్లో పెద్దలు చెబుతూనే ఉంటారు. నేను ఆ మాటకు కొలత జోడిస్తాను. కుళాయి తిప్పి వదిలేసి చేస్తే ఎన్ని లీటర్లు, చెంబుతో చేస్తే ఎంత, కింద బకెట్ పెట్టి కొలుచుకు రమ్మంటాను. ఆ బకెట్ నీళ్లు మొక్కకు పోయమంటాను. ఒకే బకెట్‌లో నమాజు, లెక్కలు, మొక్క మూడూ చేరాయి. పిల్లవాడికి ఇక బడి వేరు, ఇల్లు వేరు అనిపించదు.

ప్రకృతి దగ్గరికి వస్తాను. పేద వీధుల్లో పిల్లలకు ప్రకృతి ఎక్కడ దొరుకుతుందని కొందరు అడుగుతారు. ఒక్క చెట్టు చాలు. మా ఆవరణలోని వేపచెట్టును పిల్లలు ఏడాది పొడుగునా చూస్తారు. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది, రాగిరంగు చిగురు వేస్తుంది. ఉగాది నాటికి పూత. వానలు మొదలయ్యే రోజుల్లో పండు. పండు కోసం గోరింకలు, కాకులు, కోయిల. చీమలు ఏ వైపు నుంచి ఎక్కుతున్నాయి, మధ్యాహ్నం నీడ ఎటు పడుతోంది, ఇవన్నీ నోటుపుస్తకంలో తేదీ వేసి రాస్తారు. తప్పులుంటాయి. ఉండనివ్వండి. చూడటం నేర్చుకుంటున్నారు.

చూడటం అంటే నాకు సలీం అలీ గారు గుర్తొస్తారు. 1896లో ముంబైలో పుట్టారు. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు ఆ పిల్లవాడు. దాని గొంతు కింద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకకు ఉండదు. ఇది తినవచ్చునా, కూడదా అని అనుమానం వచ్చి మామను అడిగాడు. మామ "నాకు తెలియదు పో" అనలేదు, "పుస్తకం చదువుకోకుండా ఈ పిట్టలేమిటి" అని కసరలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో మిల్లార్డ్ అనే ఆయన దగ్గరికి చీటీ రాసి పంపాడు. ఆయన అది ఏ పిచ్చుకో చెప్పి, సొసైటీలో దాచిన పక్షుల సొరుగులు ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. ఆ సొరుగుల్లోంచి ఈ దేశపు గొప్ప పక్షి శాస్త్రవేత్త బయటికి వచ్చాడు. 1931లో మన హైదరాబాద్ సంస్థానంలోనూ పక్షుల సర్వే చేశారాయన. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. నేను తల్లిదండ్రులకు చెప్పేది ఇదే. పిల్లవాడి ప్రశ్నకు మీకు జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, తెలిసినవాళ్ల దగ్గరికి పంపే ఓపిక ఉంటే చాలు.

మన వైపే, నందికొట్కూరు దాటి వెళ్తే రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటైంది. అంత పెద్ద పిట్ట నేలమీదే, గడ్డిలోనే గుడ్డు పెడుతుంది. ఇప్పుడు అది కనబడటమే అరుదు. గడ్డిభూమిని మనం బంజరు అన్నాం, పనికిరాని నేల అన్నాం. పనికిరాదన్న నేల మీద బతికే జీవి ముందు పోతుంది. "పనికిరానిది" అనే మాటను పిల్లల నోట తొందరగా రానివ్వకూడదని నేను అనుకుంటాను, నేల గురించైనా, మనిషి గురించైనా.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. "బడికి పంపింది చదువుకోడానికా, ఊడ్చడానికా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. ఏళ్ల తరబడి కొన్ని బడుల్లో చీపురు ఎప్పుడూ ఆడపిల్ల చేతికే, పేద పిల్ల చేతికే వచ్చింది. అందుకని నేను పెట్టుకున్న నియమాలు చెబుతాను. తరగతి గది శుభ్రం వంతుల ప్రకారం అందరిదీ. మగపిల్లలకూ వంతు, నాకూ వంతు. శిక్షగా ఊడిపించడం ఎప్పుడూ లేదు. మరుగుదొడ్డి కడగడం పిల్లల పని కాదు, దానికి జీతమిచ్చి మనిషిని పెట్టాల్సిందే. ఈ గీత స్పష్టంగా ఉంటే ఏ తల్లీ అభ్యంతరం చెప్పలేదు.

ఇక దాతలతో మాట్లాడతాను. మీరు ఏటా నోటుపుస్తకాలు, సంచులు, ఫీజులు ఇస్తున్నారు. వాటివల్ల చదువు ఆగకుండా సాగిన పిల్లలు నాకు తెలుసు. అది ఆపమని చెప్పను. కానీ ఒక లెక్క వినండి. బడిలో 120 మంది పిల్లలు, ఒక్క కుళాయి. ఒక్కొక్కరు చేతులు కడగడానికి అర నిమిషం అనుకున్నా అందరికీ కలిపి 60 నిమిషాలు. భోజన విరామమే అంతసేపు ఉండదు. అప్పుడు టీచరు ఎంత మంచివారైనా "పదండి పదండి, కూర్చోండి" అనక తప్పదు. అదే ఒక గొట్టానికి ఆరు కుళాయిలు, పిల్లల ఎత్తుకు, వరుసగా బిగిస్తే 10 నిమిషాల్లో పని అయిపోతుంది. శుభ్రత పాఠం నడవాలా వద్దా అని తేల్చేది ఉపాధ్యాయుడి ఉపన్యాసం కంటే ఈ అయిదు అదనపు కుళాయిలు. సబ్బు పోతుందని భయమా? పాత మేజోడులో వేసి కుళాయికి కట్టండి. ఎక్కడికీ పోదు.

ఇంకో సంగతి. సురక్షితమైన తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ప్రతి బడిలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అది ప్రభుత్వ బాధ్యత. దాన్ని మన భుజాన వేసుకుని ప్రభుత్వాన్ని వదిలేయమని నేను అనడం లేదు. కానీ చాలాచోట్ల మరుగుదొడ్డి కట్టి ఉంది, తాళం వేసి ఉంది. ఎందుకంటే పైన ట్యాంకుకు మోటారు చెడిపోయింది, గొళ్లెం ఊడింది, కడిగే మనిషికి జీతం లేదు. ప్రారంభోత్సవం నాటి ఫలకం మాత్రం మెరుస్తూ ఉంటుంది. తాళం వేసిన ఆ తలుపు వల్ల జరిగేది ఎవరూ పైకి చెప్పరు. మన ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటారు, తాగితే వెళ్లాల్సి వస్తుందని. కర్నూలు ఎండలో, తొమ్మిది, పదేళ్ల పిల్లలు. తలనొప్పి, మూత్రంలో మంట, తర్వాత బడి మానేయడం. ఆ పిల్లకు మీరిచ్చిన కొత్త సంచి ఇంట్లో మేకుకు వేలాడుతుంది.

నీళ్లు ఇవ్వడం గొప్ప దానమని, బావి తవ్వించిన పుణ్యం మనిషి పోయాక కూడా సాగుతుందని మనమంతా నమ్ముతాం. సదఖా జారియా అంటాం. జారియా అంటే సాగుతూ ఉండేది. కుళాయి బిగించడం ఒక రోజు పని. దాని వాషర్ అరిగినప్పుడు మార్చడం, సబ్బు అయిపోకముందే కొత్తది పెట్టడం, కడిగే మనిషికి ఒకటో తారీఖున జీతం అందడం, ఇవన్నీ కలిస్తేనే అది సాగుతుంది. ఫలకం మీద వాషర్ పేరు ఎవరూ రాయరు. అయినా ఆ వాషర్ కొనేవాళ్లు మాకు కావాలి.

కాబట్టి నేను అడిగేవి మూడు. ఒకటి, మీ దానంలో కొంత భాగాన్ని కట్టడాలకు గాక నిర్వహణకు కేటాయించండి. ఒక బడికి ఏడాది పొడుగునా సబ్బు, ఫినాయిలు, కుళాయి మరమ్మతు, ఆయమ్మ జీతం చూసుకుంటామని ఒక్కో కుటుంబం ముందుకు రావచ్చు. ఆ డబ్బు పాఠశాల యాజమాన్య కమిటీ ద్వారా, తల్లులకు కనిపించేలా ఖర్చు కావాలి. రెండు, ఇచ్చాక వచ్చి చూడండి. సన్మానానికి కాదు, చెప్పకుండా మధ్యాహ్నం భోజనం గంటకు రండి. కుళాయి తిప్పండి. నీళ్లు వస్తున్నాయా, సబ్బు ఉందా, దొడ్డి తలుపుకు గొళ్లెం పడుతోందా చూడండి. ఈ మూడూ చూస్తే ఏ రిపోర్టూ చదవక్కర్లేదు. మూడు, పిల్లలు ఇంటికి మోసుకొచ్చే మాట వినండి. డ్రమ్ము రుద్దమంటే రుద్దండి. టీ వద్దంటే కసరకండి. "ఇది ఏ పిట్ట?" అంటే ఆగి తలెత్తి చూడండి.

తోటి ఉపాధ్యాయులకు ఒక్క మాట. సిలబస్ అయిపోదన్న బాధ నాకూ ఉంది. కానీ నేను ఇందాక చెప్పిన వాటిలో ఏదీ సిలబస్ బయటిది కాదు. సీసాలోని దోమ, కుళాయి కింద బకెట్, గోడ మీద వరద గీత, అన్నీ పాఠ్యపుస్తకంలోని పాఠాలే. పుస్తకం మూసి ఆ పాఠాన్ని చేతికి ఇచ్చామంతే. పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ పావుగంటలో నేర్చినది మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

మా బడికి వచ్చేవాళ్లు తోపుడుబండి వాళ్ల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు. వీళ్లకు జబ్బు చేస్తే ఒక రోజు బడి పోవడంతో ఆగదు. తల్లి కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది, ఒక్కోసారి పెద్దపిల్ల చదువే ఆగిపోతుంది. ఆ జబ్బుల్లో చాలావాటిని సబ్బు, మూతపెట్టిన నీళ్లు, చెప్పుల జత ఆపగలవు. ఇంత చవకగా ఇంత మంచి చేసే అవకాశం దాతలకు తరచుగా రాదు. దీన్ని వదులుకోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.